నీలం అట్ట నవలలో కుక్క

ఆ వీధిలో పుస్తకాలకు పేర్లుండవు, రంగులుంటాయి. అద్దె పుస్తకాల కొట్టులో ఉన్న రెండు వేల నవలలకూ అట్టలు కట్టింది ఒకే మనిషి. ఆయనకు గుడ్డ అంటించే ఓపిక ఉంది గాని పేరు రాసే ఓపిక లేదు. అందుకని జనం కొట్టు మెట్లెక్కుతూనే “పిన్నీ, ఆకుపచ్చది వచ్చిందా? అదే, ఆ అమ్మాయి బావిలో ఉంగరం పారేసుకునే ఆకుపచ్చది!” అని అడుగుతారు. కొట్టు నడిపే పిన్ని కళ్ళజోడైనా సర్దుకోకుండా అర నుంచి లాగి చేతిలో పెడుతుంది.

అట్టలు కట్టే ఆ మనిషి బైండరు. వీధికంతటికీ అట్టల బాబాయ్. సన్నగా, సూదిలాగే ఉంటాడు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎండిన జిగురు. నోటికి మాత్రం ఏ జిగురూ పనిచెయ్యదు. తను కుట్టిన నిఘంటువు మూడో అంతస్తు నుంచి పడితే నేల బీటలు వారింది గాని కుట్టు వదల్లేదని చెబుతాడు. విచారిస్తే పడింది మొదటి అంతస్తు నుంచి, పగిలింది పూలకుండీ. ఓసారి వీధిలోకి నీళ్ళొచ్చినప్పుడు తన పుస్తకం నాలుగు రోజులు నానినా ఒక్క కాగితం ఊడలేదనీ, పైగా దాని మీదెక్కి ఒక పిల్లి ఒడ్డుకు చేరిందనీ అంటాడు. నీళ్ళను అందరూ చూశారు. పిల్లిని ఆయనొక్కడే చూశాడు.

ఏ కథ చెప్పినా చివరికి వచ్చేది ఒకే మాట. “ముప్పై ఏళ్ళు! ఒక్క పేజీ, ఒక్కటంటే ఒక్క పేజీ నా చేతిలో తప్పిపోలేదు.” ఆ మాట వీధిలో ఎంతగా నాటుకుపోయిందంటే, ఎవరిదైనా వస్తువు పోతే “అట్టల బాబాయ్ చేతికిచ్చి ఉంటే పోయేదా?” అనుకునేవాళ్ళు.

ఆయన భార్యకు ఒక తమ్ముడు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సినిమా హాల్లో ఆపరేటరు. పొద్దుటి ఆటకూ మ్యాట్నీకీ మధ్య దొరికే గంటలో అక్క ఇంటికి వచ్చి భోజనం చేస్తాడు. బావా బామ్మర్దీ కంచాల ముందు కూర్చున్నారంటే ఒకటే తగువు, పుస్తకం ముందా సినిమా ముందా అని. పన్నెండేళ్ళుగా అదే తగువు, ఇద్దరికీ విసుగు పుట్టలేదు.

“పుస్తకం చదవకుండా సినిమాకి పోవడమంటే, మనిషిని కలవకుండా అతని నీడకి దండం పెట్టి రావడంరా” అనేవాడు బైండరు.

“చదివొచ్చినవాళ్ళు నా హాల్లో చేసే గోల నీకేం తెలుసు బావా? మొన్నొకాయన హీరో రాగానే లేచి ‘మీసం ఏదీ, మీసం ఏదీ’ అని కేకలు. నిద్రపోతున్నవాళ్ళంతా లేచి వాళ్ళ మీసాలు తడుముకున్నారు. సినిమా ముందు చూశావనుకో, తర్వాత పుస్తకం తెరిస్తే బొమ్మలు వాటంతటవే వస్తాయి.”

“నీకెలా తెలుసురా? జన్మలో ఒక్క పుస్తకం చదివావా?”

“నువ్వు చదివావా? అటు చివరా ఇటు చివరా పట్టుకుని కుడతావు, అంతేగా!”

“ముందు తినండి ఇద్దరూ. ఏది ముందో ఏది వెనకో చేతులు కడుక్కున్నాక తేల్చుకుందురు గాని” అనేది ఇల్లాలు.

అలా సాగిపోతుండగా, నీలం అట్ట నవల సినిమాగా వస్తోందని హాలు గోడ మీద కాగితం పడింది.

నీలం అట్ట నవలంటే ఆ వీధికి ప్రాణం. ఒక కుంటి గడియారాల మెకానిక్కూ ఒక నర్సూ కథ. రాసినాయన ఎప్పుడో పోయాడు, అచ్చేసిన ప్రెస్సు మూతపడింది. ఊరంతటికీ మిగిలింది పిన్ని కొట్టులోని ఒక్క ప్రతి. అది అంతమంది చేతులు మారినా నిలబడిందంటే పదకొండేళ్ళ కిందట దాన్ని విప్పి మళ్ళీ కుట్టిన మహానుభావుడి వల్లేనని ఎవరు చెప్పారో మీకు చెప్పక్కర్లేదు. ఆ మహానుభావుడే ఈసారి వీధంతా తిరిగి, “పుస్తకం చదవకుండా హాల్లో అడుగుపెట్టామా, రాసినాయన ఆత్మ ఘోషిస్తుంది” అని ఊదరగొట్టాడు. పిన్ని వరస రాసిపెట్టింది. మనిషికి ఒక్క రోజు. సినిమా వచ్చేలోపు నలభై రెండు మంది చదివారు. దర్జీ మిషను తొక్కుతూనే చదివి, ఒక చొక్కాకు మూడు చేతులు పెట్టాడు.

అందరికీ అన్నిటికన్నా నచ్చింది చివర్లో వచ్చే కుక్క. పుస్తకం మొత్తంలో ఎక్కడా కనిపించదు. ఆఖరి పదహారు పేజీల్లో మాత్రం, కుంటి మెకానిక్కు ఒక్క ఉదుటున కొండెక్కి తలుపు తోస్తే, గోధుమరంగు కుక్క తోకాడించుకుంటూ ఎదురొస్తుంది. ఆమె ఇంట్లో ఉండదు. కుక్క మెడలో ఉత్తరం ఉంటుంది. అతను దాన్ని చదవకుండానే జేబులో పెట్టుకుని, కుక్క పక్కన గడప మీద కూర్చుంటాడు. అంతే కథ.

కుంటివాడు కొండెలా ఎక్కాడు? కుక్క ఎక్కడిది? ఈ రెండు ప్రశ్నల మీద వీధి పదకొండేళ్ళుగా బతుకుతోంది. ప్రేమ కాలిని నయం చేసిందనీ, కుక్క అతని జ్ఞాపకానికి ప్రతీక అనీ రిటైరైన టీచరమ్మ ఎనిమిది పేజీల వ్యాసం రాసి పత్రికలో వేయించుకుంది. నర్సే చచ్చిపోయి కుక్కగా పుట్టిందని దర్జీ వాదన. వయసు లెక్క కుదరదని ఎవరైనా అంటే “కుక్కల లెక్క వేరు” అనేవాడు.

శుక్రవారం మ్యాట్నీకి నలభై రెండు మందీ కట్టగట్టుకుని వెళ్ళారు. బైండరు ఒక్కడే వెళ్ళలేదు. స్కూలు హాజరు పుస్తకాలు సాయంత్రానికి కుట్టి ఇస్తానని మాటిచ్చాడు.

హాల్లో సినిమా నడిచింది. ఆఖర్లో కుంటి మెకానిక్కు స్టేషనుకు ఆలస్యంగా చేరతాడు. రైలు వెళ్ళిపోతుంది. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద ఆమె కూర్చుని ఉంటుంది, ఎక్కలేదు. అతను కుంటుకుంటూ అంత దూరమూ నడిచివెళ్తాడు. ఆమె లేచి ఎదురు రాదు, అతనికి అది ఇష్టముండదని ఆమెకు తెలుసు. లైట్లు వెలిగాయి.

ముందు టీచరమ్మ లేచింది.

“కుక్క ఏదీ?”

“అవునూ, కుక్క ఏదీ?” అంది పిన్ని.

మరుక్షణం హాలంతా కుక్క కోసం అరిచింది. వీధిలో ఉన్న నిజం కుక్కలు రెండు భయపడి పారిపోయాయి.

నేరం ఎవరి మీద పడాలో ఎవరూ ఆలోచించనక్కర్లేకపోయింది. రెండేళ్ళ కిందట పన్నునొప్పి తట్టుకోలేక ఆపరేటరు ఒక పాట రీలు ఎగరగొట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. పాట పోయినట్టు కనిపెట్టింది దర్జీ ఒక్కడే, ఆ పాట కోసం మూడోసారి వచ్చాడు కాబట్టి. ఆ మచ్చ ఇప్పుడు పనికొచ్చింది.

“ఆఖరి రీలు కోసేశాడు! తొందరగా ఇంటికి పోదామని మన కుక్కని కోసేశాడు!” అన్నాడు దర్జీ.

“అయ్యా, వచ్చిన రీళ్ళన్నీ వేశానండీ. లెక్కపెట్టుకోండి” అని ఆపరేటరు మెట్ల మీంచి మొత్తుకున్నాడు.

హాలు ఓనరు గుండ్రటి మనిషి. జనం తిరగబడితే ఆయనకు చెమటలు. “ఆదివారం మ్యాట్నీలోగా కుక్క రావాలి. రాకపోతే రూము తాళాలు అక్కడ పెట్టి పో” అనేశాడు. పదిహేనేళ్ళ ఉద్యోగం. ఆ మిషన్లు తప్ప ఆపరేటరుకు ఇంకో పని తెలీదు.

అప్పటికైనా బైండరు నోరు మూసుకుంటే బాగుండేది. సాయంత్రం వీధంతా ఆయన గుమ్మంలోకి వచ్చి, “నిజంగా పుస్తకంలో ఉన్నట్టే కదా బాబాయ్?” అని అడిగితే, ఛాతీ విరిచాడు.

“ఉన్నట్టా? ఆ కాగితం నా చేత్తో కుట్టాను. పుస్తకంలో ఉందంటే ఉన్నట్టే. సినిమావాళ్ళు తియ్యకుండా ఎలా ఉంటారు? రీలేదో తేడా కొట్టి ఉంటుంది.”

జనం తృప్తిగా వెళ్ళిపోయారు. ఇల్లాలు తలుపు గడియ పెట్టి వచ్చింది.

“మీరు ఇప్పుడు మాట్లాడింది ఎవరి గురించో తెలుసా?”

“నేను పుస్తకం గురించి...”

“మా తమ్ముడి గురించి. వాడి తాళాలు పోతే, రేపట్నుంచి మీ కంచం కూడా మీరే పెట్టుకోండి.”

మర్నాడు మ్యాట్నీ వేళకు బామ్మర్ది వచ్చి బావ చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. ఇనప మెట్లెక్కి, రెండు మిషన్లు రొప్పుతున్న వేడి గదిలో, గోడకున్న చిన్న కన్నం ముందు నిలబెట్టాడు. “నువ్వే చూడు. ఎక్కడైనా అతుకు కనిపిస్తే నువ్వే వెళ్ళి చెప్పు.”

పుస్తకం చదవనిదే సినిమా చూడకూడదన్న మహానుభావుడు అలా నిలబడి, కన్నానికి కన్ను ఆనించి, ఆఖరి రీలు చూశాడు. నీలం అట్ట నవల ఆయన నిజానికి చదవలేదు. కుక్క కథంతా టీచరమ్మ నోట విన్నదే. కుంటి మెకానిక్కు ప్లాట్‌ఫారం మీద నడుస్తున్నాడు. చివర బెంచీ. ఆమె లేవలేదు.

బైండరు కన్ను నులుముకుని మళ్ళీ చూశాడు. ఈ బెంచీ తనకు తెలుసు. ఈ ముగింపు తను చదివాడు. మైదా జిగురు ఆరేదాకా కూర్చుని, అట్ట కింద నొక్కి ఉంచిన పుస్తకం తీసి చదివాడు. కానీ అది నీలం అట్ట కాదు, ఎర్ర అట్ట.

ఎర్ర అట్ట నవలలో ఒక అడవి ఆఫీసరు కుక్కపిల్లను పెంచుకుంటాడు. నూట తొంభై రెండు పేజీలు కుక్కే కుక్క. నూట తొంభై మూడో పేజీలో కుక్క మాయమై, ఆఫీసరు కుంటుకుంటూ రైల్వే స్టేషనులో తేలతాడు. “ఆ కుక్కే కరిచి ఉంటుంది, అందుకే వదిలేశాడు, అది కూడా రాసినాయన విడమరిచి చెప్పాలా?” అని అప్పట్లో దర్జీ తీర్పిచ్చాడు. పెంచినవాణ్ణి కరిచే కుక్క కథ ఎవరికీ నచ్చలేదు. ఎర్ర అట్ట పై అరకెక్కి దుమ్ము తింటోంది.

ఆ గదిలో, ఆ రొదలో, బైండరుకు పదకొండేళ్ళ కిందటి వారం మొత్తం కళ్ళముందుకొచ్చింది. ఒకే రచయిత నవలలు రెండు, ఒకే ప్రెస్సువి, రెండూ రెండు వందల ఎనిమిది పేజీలు, ఒకే రంగుకు మాగిన కాగితం, వీధిలో ఇంకా ఎవరూ చదవకముందే రెండూ వెన్ను విరిగి పాత కాగితాల్లోంచి ఒకేసారి వచ్చాయి. పదహారేసి పేజీల మడతను ఫారం అంటారు. ఏ ఫారం ఏ పుస్తకానిదో దాని మొదటి పేజీ అడుగున చిన్న అక్షరంతో గుర్తు ఉంటుంది. లోకంలో బైండర్లందరూ ముందు కుట్టి తర్వాత అంచు కోస్తారు. ఈయనది సొంత పద్ధతి. చిరిగిన అంచు చూస్తే ఒళ్ళు మంట, అందుకని ముందే నున్నగా కోసి తర్వాత కుడతాడు. ఆ పద్ధతి గురించి కూడా గొప్పగా చెప్పుకుంటాడు. ఆ రోజు రెండు పుస్తకాల గుర్తులూ చెత్తబుట్టలో పడ్డాయి. ఆ రచయితకేమో ఆఖరి అధ్యాయంలో పేర్లు వాడని అలవాటు, అంతా అతను, ఆమె. కుట్టేటప్పుడు ఆఖరి ఫారాలు రెండూ ఇల్లు మారాయి.

“అతుకు కనిపించిందా బావా?” అన్నాడు బామ్మర్ది.

“కనిపించింది” అని గొణిగి, బైండరు మెట్లు దిగిపోయాడు.

దిగుతూనే మొదటి ఆలోచన వచ్చింది. అది అంత గొప్ప ఆలోచనేం కాదు. రెండు పుస్తకాలూ మరమ్మతు పేరుతో తెచ్చి, గుట్టుగా ఫారాలు మార్చేసి, అరలో పెట్టేస్తే? కుక్క ఎక్కడని అడిగితే, ఏ కుక్క అంటే? నలభై రెండు మందికీ ఒకేసారి కల వచ్చిందంటే సరి. ముప్పై ఏళ్ళ పేరు నిలబడుతుంది. ఉత్సాహంగా కొట్టుకు పరిగెత్తాడు.

“ఎర్రది తీసుకుపో బాబాయ్, ఎవరూ అడగడం లేదు. నీలంది టీచరమ్మ దగ్గరుంది. ఆఖరి పదహారు పేజీలు నోటుబుక్కులో ఎత్తి రాస్తోంది, రేపు ఓనరు మొహాన చదవడానికి” అంది పిన్ని.

ఆ దారి మూసుకుపోయింది. ఇంకా ఒక దారి తెరిచే ఉంది, ఊరుకోవడం. ఊరుకుంటే పోయేది బామ్మర్ది తాళాలే. అన్నం ముందు కూర్చుంటే ఎదురుగా ఉన్న పీట ఖాళీ. తగువు లేని భోజనం ఆయనకు గొంతు దిగలేదు.

ఆదివారం మ్యాట్నీకి ముందు హాలు వరండా కిటకిటలాడింది. ఓనరు కుర్చీలో కూర్చుని నుదురు తుడుచుకుంటున్నాడు. టీచరమ్మ నోటుబుక్కు విప్పింది. ఆపరేటరు తాళాలగుత్తి తీసి టిక్కెట్ల కిటికీ గట్టు మీద పెట్టాడు. ఆ చప్పుడు చిన్నదే.

“ఆగండి. తప్పు వాడిది కాదు. నాది” అన్నాడు బైండరు. చంకలో ఎర్ర అట్ట.

పిన్ని కొంగుతో కళ్ళొత్తుకుంది. “చూశారా! బామ్మర్ది కోసం నిందంతా నెత్తికెత్తుకుంటున్నాడు!”

“బంగారం మనిషి” అన్నాడు దర్జీ. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

“పొగడకండయ్యా, నిజంగానే నేను తప్పు కుట్టాను!”

“ఊరుకో బాబాయ్. నీ చేతిలో పేజీ తప్పడమా? ముప్పై ఏళ్ళుగా నువ్వే కదా చెప్తున్నావు!”

జీవితంలో మొదటిసారి బైండరు నిజం చెప్పి నమ్మించలేక చస్తున్నాడు. ముప్పై ఏళ్ళు కష్టపడి వాళ్ళ బుర్రల్లోకి ఎక్కించింది ఇప్పుడు ఏ సుత్తితో కొట్టినా ఊడి రావడం లేదు.

“సరే. టీచరమ్మా, మీరు చదవండి. నూట తొంభై రెండో పేజీ ఆఖరి మాటలు.”

టీచరమ్మ నోటుబుక్కు పక్కన పెట్టి నీలం అట్ట తెరిచింది. “‘రైలు కూత వినిపించింది. అతను కుంటుకుంటూ’... ఇక్కడికి పేజీ అయిపోయింది. తర్వాత పేజీలో, ‘కొండ మీదికి ఒక్క ఉదుటున ఎక్కి తలుపు తోశాడు.’”

“కుంటుకుంటూ ఒక్క ఉదుటున! ఎలా ఎక్కాడమ్మా?”

“ప్రేమ వల్ల” అంది టీచరమ్మ. గొంతు మాత్రం కాస్త తడబడింది.

బైండరు ఎర్ర అట్ట తెరిచి నూట తొంభై మూడో పేజీ ఆమె ముందు పెట్టాడు. “దాని తర్వాత ఇది చదవండి.”

“‘...టిక్కెట్ల కిటికీ దాటి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. రైలు కదిలిపోయింది.’” టీచరమ్మ ఆగింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఈసారి ఎర్ర అట్ట నూట తొంభై రెండు తీసి, దాని కింద నీలం అట్ట పేజీ కలిపి లోపల్లోపలే చదువుకుంది. అక్కడ గోధుమరంగు కుక్కపిల్ల పెద్దదై, యజమాని కోసం కొండ మీద ఎదురు చూస్తోంది.

“కుక్క ఆ పుస్తకానిదా?” అని పిన్ని అరిచింది.

“అయితే అది కరవలేదన్నమాట!” అన్నాడు దర్జీ. పాపం, కుక్క మీద పదకొండేళ్ళుగా నింద మోపింది అతనే.

అక్కడే విప్పి చూపించమన్నారు. దర్జీ జేబులోంచి కత్తెర తీశాడు. బైండరు తన కుట్టు తనే కత్తిరించడానికి టిక్కెట్ల గట్టు మీద పావుగంట తంటాలు పడ్డాడు. అంత గట్టిగా ఎందుకు కుట్టానా అని ఆ పావుగంటలో ఎన్నిసార్లు అనుకున్నాడో ఆయనకే తెలియాలి. ఫారాలు వచ్చాయి. అటుది ఇటు, ఇటుది అటు పెట్టి, సూదీ దారం తెప్పించి అందరి ముందూ కుట్టాడు. నలభై రెండు మంది కళ్ళు చేతి మీదే. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది.

“ఒక్క పేజీ తప్పలేదన్నావు బాబాయ్?” అని వెనకనుంచి ఒక గొంతు.

“ఒక్కటి కాదు. ముప్పై రెండు తప్పాయి” అన్నాడు తలెత్తకుండా.

నవ్వులు హాలు రేకు ఎగిరిపోయేలా వచ్చాయి. ఆ నవ్వుల మధ్య ఓనరు తాళాలగుత్తి తీసి ఆపరేటరు చేతిలో పెట్టి, “వెళ్ళు, బెల్లు కొట్టు” అన్నాడు. నలభై రెండు మందీ మళ్ళీ లోపలికి వెళ్ళారు. టీచరమ్మ మాత్రం కాసేపు వరండాలో నిలబడింది.

“నా వ్యాసం ఏం కాను?” అంది.

“అక్షరం మార్చక్కర్లేదమ్మా. పైన నవల పేరొక్కటే కొట్టెయ్యండి” అన్నాడు బైండరు. ఆవిడ కోపంగా చూసి, నాలుగడుగులు వేసి, ఎర్ర అట్ట నవల కోసం వెనక్కి వచ్చింది.

ఆ తర్వాత పిన్ని కొట్టులో పుస్తకం తీసుకునేవాళ్ళందరూ ముందు నూట తొంభై రెండు, నూట తొంభై మూడు పేజీలు కలిపి చదివి గాని అట్ట చంకలో పెట్టుకోలేదు. నూట యాభై పేజీలే ఉన్న పుస్తకాలకూ అదే పరీక్ష. బైండరు గుమ్మంలో నిలబడి ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని చూసేవాడు. అడిగేవాళ్ళు. “బాబాయ్, ఇందులో మనుషులంతా ఈ పుస్తకంవాళ్ళేనా?” అని.

సినిమా పదో రోజు మధ్యాహ్నం బామ్మర్ది భోజనానికి రాలేదు. అక్క క్యారేజీ సర్ది మొగుడి చేతికిచ్చి పంపింది. బైండరు ఇనప మెట్లెక్కి చూస్తే, ఆపరేటరు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మిషను తిరుగుతోంది. ఒళ్ళో నీలం అట్ట. వేలు సగంలో పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతున్నాడు.

“ఏరా! పుస్తకమే!”

“మాట్లాడకు బావా. నర్సు ఇప్పుడే గడియారం బాగుచేయించడానికి వచ్చింది.”

బైండరుకు సంతోషం ఆగలేదు. క్యారేజీ కింద పెట్టి దగ్గరికి జరిగాడు. “ఇదే చూశావూ, ఇక్కణ్ణించి భలే ఉంటుంది. ఆఖర్లో...”

“చెప్పొద్దు!” ఆపరేటరు పుస్తకం గుండెకు హత్తుకున్నాడు. “ఆఖరు చెప్పొద్దు!”

“ఒరేయ్, ఈ సినిమా నలభై ఆటలు వేశావు కదరా! ఆఖరు నీకు తెలీకపోవడమేమిటి?”

“సినిమా ఆఖరు తెలుసు బావా” అన్నాడు బామ్మర్ది మళ్ళీ పేజీలోకి వంగుతూ. “ఇది కుట్టింది నువ్వు కదా.”